స్వామి చిరునామా అడిగిన ఉదయం

(చెన్నైలో తెలుగు పాఠకులు నెలకొకసారి కలుసుకునే సమావేశంలో, ఇంగ్లీషు ఉపాధ్యాయుడిగా పనిచేసి విరమించిన ఒక సభ్యుడు చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. వెనక వరుసలో ఉన్నవారికి వినబడుతోందా? వినబడకపోతే చెయ్యి ఎత్తండి, ఒక ఫ్యాను ఆపిద్దాం. సరే.

ఈ రోజు ఒకే ఒక్క నవల గురించి మాట్లాడతాను. ఇంకా చెప్పాలంటే ఆ నవలలోని చివరి పేజీ గురించి. ఆ పేజీ దగ్గరకు వెళ్లడానికి మిగతా కథంతా కావాలి కాబట్టి, దారిలో కొంతసేపు అక్కడా ఇక్కడా ఆగుతాం. నవల ఆర్.కె. నారాయణ్ రాసిన ‘స్వామి అండ్ ఫ్రెండ్స్’. 1935లో లండన్‌లో అచ్చయింది. మీలో చాలామందికి స్వామి పుస్తకం కంటే ముందు దూరదర్శన్‌లో పరిచయమై ఉంటాడు. శంకర్ నాగ్ తీసిన ‘మాల్గుడి డేస్’ గుర్తుందా? తలలు ఊపుతున్నారు, అంటే గుర్తుంది. ఆ పిల్లవాడి ముఖం మీ మనసులో ఉంటే అలాగే ఉంచుకోండి. మనకు చివరలో ఆ ముఖంతో పని ఉంది.

ఈ నవలనే ఎందుకు తీసుకున్నానంటే, ఇది మన ఊరిలో పుట్టిన మనిషి రాసినది. నారాయణ్ 1906లో ఇక్కడే, పురసవాక్కంలో పుట్టారు. 2001లో చెన్నైలోనే కన్నుమూశారు. చిన్నతనం వెళ్లాల వీధిలో అమ్మమ్మ దగ్గర గడిచింది. తల్లిదండ్రులు మైసూరు వైపు, పిల్లవాడు ఇక్కడ. తోడు ఎవరు? ఒక నెమలి, ఒక కోతి. ఆయన ఆత్మకథ ఆ నెమలితోనే, ఆ కోతితోనే మొదలవుతుంది. ఆ ఆత్మకథలోనే ఇంకో సంగతి చెప్పారు. నవల మొదలుపెట్టడానికి అమ్మమ్మ మంచిరోజు చూసి చెప్పిందట. ఆ రోజున బెంగళూరులో ఒక నోటుపుస్తకం కొని, కలం నములుతూ కూర్చుంటే, మాల్గుడి అనే ఊరు ఒక చిన్న రైల్వే స్టేషనుతో సహా కళ్ల ముందుకు వచ్చిందట.

ఒక్క నిమిషం. ముందు వచ్చింది ఏమిటి? రైల్వే స్టేషను. నవల ముగిసేది ఎక్కడ? ఆ రైల్వే స్టేషనులోనే. ఆయనకు మొదటి రోజునే ముగింపు తెలుసని నేను అనను. కానీ స్టేషను ఉన్న ఊరిలో ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు వెళ్లిపోక తప్పదు కదా?

ఇప్పుడు ఒక మాట గురించి చెప్పాలి. మనం రోజూ వాడే మాట, అమాయకుడు. ‘పాపం, అమాయకుడండీ’ అంటాం. ఏమీ తెలియనివాడు అనే అర్థంలో వాడేస్తాం. మాటను విడదీసి చూడండి. అ-మాయకుడు. మాయ లేనివాడు. ఏమీ తెలియకపోవడం వేరు, మాయ లేకపోవడం వేరు. స్వామికి తెలియనివి చాలా ఉన్నాయి, లెక్కలు అసలే రావు. అతను అమాయకుడు కావడానికి అది కారణం కాదు. అతని నోటిలో మాటకూ మనసులో మాటకూ మధ్య ఖాళీ లేదు. ఎదుటివాళ్లకు కూడా ఆ ఖాళీ ఉండదని అతని నమ్మకం. ఎవరైనా ఒక మాట అన్నారంటే అది అలాగే ఉంటుందని అనుకుంటాడు. దేవుడి విషయంలో కూడా అంతే.

దేవుడి సంగతి చెబుతాను. స్వామికి ఒక ఇనుప చక్రం కావాలి. కర్రతో కొడుతూ వీధి వెంబడి పరుగెత్తించే చక్రం. మీరందరూ ఆడినవారే, కనీసం సైకిలు టైరుతోనైనా. ఒక బండివాడు తెచ్చిపెడతానంటాడు. రాగి నాణేలు ఇస్తే వెండి నాణేలుగా మార్చే విద్య కూడా తనకు తెలుసంటాడు. స్వామి నమ్ముతాడు. ఆరు పైసలు కావాలి. ఎక్కడినుంచి వస్తాయి? ఒక పెట్టెలో గులకరాళ్లు వేసి, దేవుడి గదిలో ఒక మూల పెట్టి, రాముడికి మొక్కుకుంటాడు. పది తలల రావణుణ్ణే చంపావు, నాకు ఆరు పైసలు ఇవ్వలేవా అని అడుగుతాడు. కొంతసేపు ఆగి పెట్టె తెరుస్తాడు. రాళ్లు రాళ్లుగానే ఉన్నాయి. కోపం వస్తుంది. కోపం వచ్చిన వెంటనే భయం వేస్తుంది, దేవుడి మీద కోప్పడ్డానే అని.

ఇది చదివి మనం నవ్వుతాం, నవ్వాలి కూడా. నవ్విన తరువాత ఒకసారి ఆలోచించండి. ఆ పిల్లవాడు దేవుణ్ణి పరీక్ష పెట్టలేదు. అడిగితే ఇస్తాడని పెద్దవాళ్లు చెప్పారు, అడిగాడు. అంతే. ఇక బండివాడు? డబ్బు తీసుకున్నాడు, చక్రం లేదు. స్వామి, మణి, రాజం, ఈ ముగ్గురు స్నేహితులూ కలిసి ఆ బండివాడి కొడుకును ఎత్తుకొచ్చి బుద్ధి చెప్పాలని పెద్ద పథకం వేస్తారు. ఏమవుతుంది? ఆ పిల్లవాడు మణి చూపించిన బొంగరం కాస్తా తీసుకుని పారిపోతాడు. బండివాడి కొడుకుకు వీళ్ల వయసే, ఇంకా చిన్నవాడేమో కూడా. అతను అమాయకుడు కాదు. ఎందుకు కాదు? ఆ వీధిలో, ఆ ఇంట్లో అమాయకంగా ఉండే వీలు లేదు. నారాయణ్ ఈ మాట చెప్పరు. కథ మాత్రం అక్కడ పెట్టి ముందుకు వెళ్లిపోతారు. స్వామి వకీలు కొడుకు. రాజం పోలీసు అధికారి కొడుకు. అమాయకత్వానికి కూడా ఒక ప్రహరీ గోడ కావాలి. ఆ గోడ ఉన్న ఇళ్లు ఊళ్లో కొన్నే ఉంటాయి. నేను ముప్పై ఏళ్లకు పైగా పిల్లలకు పాఠం చెప్పాను. బడి విడిచిన తరువాత టీ దుకాణంలో గ్లాసులు కడిగే పిల్లలు నా తరగతిలో ఉన్నారు. వాళ్లకు ఈ నవల చెబుతున్నప్పుడు బండివాడి కొడుకు గెలిచిన చోట వాళ్ల కళ్లు వెలిగేవి. స్వామి వైపు ఉన్న పిల్లలు దిగులుపడేవారు. ఒకే పేజీ, ఒకే గది.

సరే, స్నేహితుల దగ్గరకు వద్దాం. మణి ఎవరు? చివరి బెంచీ. పుస్తకాలు తేడు, ఇంటిపని చేయడు, తరగతిలో నిద్రపోతాడు. అందరికంటే పొడగరి, అందరూ భయపడతారు. రాజం ఎవరు? కొత్తగా వచ్చినవాడు, శుభ్రమైన బట్టలు, దొరల ఇంగ్లీషు. ఇద్దరికీ పడదు. తరగతిలో చీటీలు నడుస్తాయి, మోసుకెళ్లేది స్వామి. ‘నువ్వు మగవాడివేనా?’ అని ఒక చీటీ. ‘ఏ కుక్కకు అనుమానం వచ్చింది?’ అని జవాబు. సరయూ నది ఒడ్డున తేల్చుకుందామనుకుంటారు. ఒడ్డుకు వెళ్లాక నాలుగు మాటలు మాట్లాడుకుని స్నేహితులైపోతారు.

మగవాడివేనా అని ఒకరినొకరు అడుగుతున్నది ఎవరు? ఫస్టు ఫారం పిల్లలు, అంటే ఇప్పటి ఆరో తరగతి! ఇక్కడ నాకు మన పోతన గుర్తుకొస్తాడు. మన్ను తిన్నావా అని యశోద అడిగితే కృష్ణుడు ఏమంటాడు? మన్ను తినడానికి ‘నే శిశువునో’ అంటాడు. అంటున్నది శిశువే, నేను శిశువునా అని అడుగుతున్నాడు! బాల్యాన్ని మొట్టమొదట కాదనేది పిల్లలే. మనం పెద్దవాళ్లం కూర్చుని అయ్యో బాల్యం పోయిందే అని బాధపడతాం గానీ, బాల్యంలో ఉన్నవాడికి అక్కడినుంచి ఎంత త్వరగా బయటపడదామా అన్నదే ధ్యాస. మీసాలు ఎప్పుడు వస్తాయి, సైకిలు ఎప్పుడు అందుతుంది, సంతకం ఎప్పుడు పెడతాను. స్వామి ముఠాకు కూడా సంతకం పెట్టాలనే కోరిక. అందుకే ఒక ఉత్తరం రాశారు. ఆ ఉత్తరం ఎక్కడికి వచ్చిందో తెలుసా? మన మౌంట్ రోడ్డుకు.

నవ్వుతున్నారు. నిజంగానే మౌంట్ రోడ్డుకు. ఇప్పుడు మనం అన్నా సాలై అంటున్న రోడ్డుకు. పిల్లలు క్రికెట్ జట్టు పెట్టారు, మాల్గుడి క్రికెట్ క్లబ్బు. బ్యాట్లు కావాలి, బంతులు కావాలి, వికెట్లు కావాలి. మద్రాసు మౌంట్ రోడ్డులోని బిన్స్ అనే ఆటసామానుల దుకాణానికి రాశారు. సారాంశం ఇది. మాకు రెండు బ్యాట్లు, ఆరు బంతులు, మిగతా సామాను వెంటనే పంపండి. చాలా తొందర. డబ్బు తరువాత పంపుతాం. భయపడకండి.

భయపడకండి! ఈ ఒక్క మాట కోసం నేను ఈ నవలను ఎన్నిసార్లు చదివానో చెప్పలేను. డబ్బు తరువాత ఇస్తామని అప్పు అడిగేవాళ్లు లోకంలో కోట్ల మంది ఉంటారు. వాళ్లలో ఎవరైనా దుకాణదారుకు ధైర్యం చెబుతారా? భయపడకండి, మేమున్నాం అంటారా? వీళ్లు అంటారు. ఎందుకంటే వాళ్ల దృష్టిలో మాట ఇచ్చేశారు. మాట ఇచ్చాక భయం దేనికి?

దుకాణం నుంచి జవాబు వస్తుంది. పెద్దవాళ్లకు రాసినట్టే, ‘డియర్ సర్’ అని. పిల్లలకు మహా ఆనందం. కానీ లోపల ఏముంది? ఆర్డరుతో పాటు 25 శాతం సొమ్ము ముందుగా పంపండి, మిగతాది రైల్వే పార్సెల్ వచ్చినప్పుడు వి.పి.పి. కింద, అంటే సామాను అందుకునేటప్పుడు డబ్బు కట్టే పద్ధతిలో, చెల్లించండి. మన భాషలో చెప్పాలంటే, బయానా అడిగారు. పిల్లలకు ఒక్క ముక్క అర్థం కాలేదు. కూర్చుని ఆలోచించారు. ఆలోచించి ఒక నిర్ణయానికి వచ్చారు. ఇది మనకు రాసింది కాదు, ఎవరిదో ఉత్తరం పొరపాటున మనకు వచ్చింది. కాబట్టి ఎవరిదో ఉత్తరం మాకు పంపారు, తిప్పి పంపుతున్నాం, మా సామాను వెంటనే పంపండి అని మళ్లీ రాశారు.

ఈ ఘట్టం మీద నేను కొంచెం ఎక్కువసేపు ఉంటాను, ఓపిక పట్టండి. నా లెక్కలో ఈ నవలకు ఇది గుండెకాయ. 25 శాతం అంటే ఎంతో వాళ్లకు తెలియదన్నది పైపై సంగతి. లెక్క తెలియకపోతే ఎవరినైనా అడిగి తెలుసుకోవచ్చు. వాళ్లకు అర్థం కానిది ఏమిటంటే, మాట ఇచ్చిన తరువాత కూడా పూచీ ఎందుకు అన్నది. బయానా ఎందుకు పుట్టింది? మనుషులు మాట తప్పుతారు కాబట్టి పుట్టింది. ప్రామిసరీ నోటు, సాక్షి సంతకం, జామీను, ఇవన్నీ ఎందుకు ఉన్నాయి? మాటకూ మనసుకూ మధ్య ఖాళీ ఉందని పెద్దవాళ్ల లోకం ఒప్పుకుంది కాబట్టి ఉన్నాయి. ఆ ఖాళీ గురించి ఈ పిల్లలకు ఇంకా కబురు అందలేదు. కబురు అందిన రోజున కూడా, అది మాది కాదు, ఎవరిదో అని తిప్పి పంపేశారు. లోకం పంపిన మొదటి ఉత్తరాన్ని తిప్పి పంపగలిగిన వయసు అది. ఎన్నాళ్లుంటుంది? ఈ నవలలో కొన్ని నెలలు కూడా లేదు.

బడి గొడవలు త్వరగా చెప్పేస్తాను, అవి మీకు తెలిసినవే. స్వాతంత్ర్యోద్యమం రోజులు, నదీ తీరంలో సభ, విదేశీ బట్టల మంట, మరునాడు హర్తాళు, పగిలిన అద్దాలు. మిషన్ స్కూలు హెడ్మాస్టరు బెత్తం, స్వామి బడి వదిలి పారిపోవడం. తరువాత బోర్డు హైస్కూలు. డ్రిల్లు క్లాసుల వల్ల క్రికెట్ సాధనకు ఆలస్యం. అక్కడా బెత్తం. ఈసారి ఆ బెత్తం లాక్కుని కిటికీలోంచి విసిరేసి పరుగు. ఇంటికి వెళ్లే ధైర్యం లేక మెంపి అడవి దారిలో తప్పిపోవడం, ఒక బండివాడి కంటపడటం, అటవీ అధికారి ఇంటికి చేర్చడం. అన్నట్టు, మొదట మోసం చేసిందీ బండివాడే, ఇప్పుడు కాపాడిందీ ఇంకో బండివాడే. స్వామి తిరిగి వచ్చేసరికి అసలు ఆట అయిపోయింది. జట్టు ఓడిపోయింది. రాజం మాట్లాడటం మానేశాడు.

చాలామంది విమర్శకులు ఈ అడవి ఘట్టాన్ని పెద్దది చేస్తారు. చీకటి, భయం, ఒంటరితనం, అక్కడ స్వామి బాల్యం ముగిసిందంటారు. నేను ఒప్పుకోను. భయం వల్ల ఎవరూ పెద్దవారు కారు. ఇంటికి వచ్చి అమ్మ ఒడిలో పడుకుంటే భయం పోతుంది. స్వామి అలాగే వచ్చాడు, ఆట ఇంకా ఉందనే నమ్మకంతో వచ్చాడు. అడవి అతన్ని ఏమీ మార్చలేదు.

మార్చింది అంతకంటే నెమ్మదైన సంగతి. మీరు గమనించారా, ఈ నవలలో స్నేహితులు ఒక్కొక్కరే రాలిపోతూ ఉంటారు, ఎవరూ ఏడవకుండా. సోము పరీక్ష తప్పాడు. తప్పినవాడు ముఠాలో ఉండడు, అది పిల్లల చట్టం, దానికి దయ లేదు. శంకర్ తండ్రికి బదిలీ అయింది, వెళ్లిపోయాడు. బఠాణీ అని పిలుచుకునే శామ్యూల్‌తో బడి మారాక మాటలే కరవయ్యాయి. మాట్లాడుకోవడానికి ఏమీ లేదు, ఎందుకంటే వాళ్లను కలిపి ఉంచింది తరగతి గది మాత్రమే. అమాయకత్వం చాలా మృదువైనదని మనం అనుకుంటాం. అది కఠినమైనది కూడా. దానికి జ్ఞాపకం ఉండదు. నిన్నటి స్నేహితుణ్ణి ఈ రోజు మరిచిపోగలదు, ఆ మరపులో తప్పు ఉందని కూడా దానికి తెలియదు. అమ్మమ్మలు ఉన్న ఇళ్లలో పెరిగినవారికి ఇది తెలుస్తుంది. స్వామి ఇంట్లో నాయనమ్మ ఉంటుంది. కడుపునొప్పి, నిమ్మకాయ తెచ్చిపెట్టమని అడుగుతుంది. క్రికెట్ ధ్యాసలో విసుక్కుని వెళ్లిపోతాడు. తరువాత అది అతన్ని గుచ్చుతుంది. నిమ్మకాయ అంత చిన్న సంగతి. అడవి కంటే నాకు ఆ నిమ్మకాయే పెద్దదిగా కనిపిస్తుంది. మొదటిసారి ఒకరి బాధ అతని లోపల ఉండిపోయింది.

ఇక బదిలీ. మన సభలో బదిలీ మీద చెన్నై వచ్చినవారు ఎంతమంది? చూడండి, సగం చేతులు లేచాయి. ఈ నవలలో విధి అంటే బదిలీయే. శంకర్ తండ్రికి బదిలీ, చివరికి రాజం తండ్రికీ బదిలీ, తిరుచిరాపల్లికి. మన తెలుగువాళ్లకు ఈ ఊరితో ఒక పెద్ద బదిలీ జ్ఞాపకం ఉంది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి, కర్నూలు రాజధాని అయినప్పుడు, కార్యాలయాలతో పాటు ఎన్నో తెలుగు కుటుంబాలు మద్రాసు విడిచి వెళ్లాయి. చరిత్ర పుస్తకాలు రాజధాని గురించి రాశాయి. పదేళ్ల పిల్లలకు ఏమైందో ఎవరు రాశారు? మా అన్నయ్యకు అప్పుడు పదేళ్లు. జార్జిటౌన్‌లో మా వీధి చివరి ఇంట్లో ఉండే స్నేహితుడు అలా వెళ్లిపోయాడు. వాళ్లు మళ్లీ కలవలేదు. అన్నయ్యకు ఇప్పుడు ఎనభై దాటాయి. ఆ ఇంటి గుమ్మానికి ఏ రంగు వేసి ఉండేదో ఈనాటికీ చెబుతాడు. కర్నూలులో ఆ అబ్బాయి ఎక్కడ ఉండేవాడో మాత్రం ఎన్నడూ తెలియలేదు. ఎందుకు అడగలేదు అన్నయ్యా అంటే, ‘అడగాలని తెలియదురా’ అన్నాడు.

ఇప్పుడు చివరి పేజీ.

రాజం వెళ్లిపోతున్నాడు. ఉదయం ఆరు గంటల బండి. ఇంకా చీకటిగానే ఉంది. రాజం ఇన్ని రోజులుగా మాట్లాడటం లేదు. స్వామి ఒక బహుమతి పట్టుకుని వచ్చాడు. ఏమిటది? ఆండర్సన్ కథల పుస్తకం, చిన్నది, అందమైనది. ఎప్పుడో అతని తండ్రి మద్రాసులో కొన్నది. అవును, అదీ మన ఊరిదే. స్వామి ఆ పుస్తకాన్ని ఎన్నడూ పూర్తిగా చదవలేకపోయాడు, నోరు తిరగని ఇంగ్లీషు మాటలు ఎక్కువ. చదవని కథలను స్నేహితుడికి ఇస్తున్నాడు.

ప్లాట్‌ఫారం మీద పోలీసులు, పెద్దమనుషులు. దొరబాబులా ముస్తాబైన రాజం దగ్గరకు వెళ్లడానికి స్వామికి కాళ్లు రావు. బండి కదిలే క్షణంలో రాజం ఏదో అనబోయినట్టు అనిపిస్తుంది. గార్డు ఈల, ఇంజను కూత, అన్నీ కలిసి ఆ మాటను మింగేస్తాయి. మణి పుస్తకం తీసుకుని బండి వెంట పరుగెత్తి రాజం చేతికి అందిస్తాడు. రాజం తీసుకుంటాడు, చెయ్యి ఊపుతాడు. చివరి పెట్టె ఎర్రదీపం చిన్నదై, ఇంకా చిన్నదై, మలుపులో కనబడకుండా పోతుంది.

అప్పుడు స్వామి ఏమంటాడు? నాకే చెయ్యి ఊపాడు, నాకొక్కడికే, కాదనకు మణీ అంటాడు. మణి అవునవును అంటాడు. స్వామి ఏడుస్తాడు. నన్ను తలచుకుంటాడా అని అడుగుతాడు. తలచుకుంటాడు అంటాడు మణి. కాసేపు ఆగి, నీతో మాట్లాడకపోతే ఏం, ఉత్తరం రాస్తాడులే అంటాడు. ఎలా తెలుసు? నాతో చెప్పాడు. నా చిరునామా అతనికి తెలియదు కదా? అడిగాడు, ఇచ్చాను.

ఇక్కడ, ఈ క్షణంలో, స్వామి ఒక పని చేస్తాడు. అబద్ధం అంటాడు. ఏదీ, నా చిరునామా చెప్పు అంటాడు.

విన్నారా? చెప్పు అంటాడు. మౌంట్ రోడ్డు దుకాణం ఏమడిగింది? బయానా. మాట చాలదు, పూచీ చూపించు అంది. ఆ రోజు ఆ ఉత్తరం వీళ్లకు అర్థం కాలేదు, ఎవరిదో అనుకుని తిప్పి పంపేశారు. ఇప్పుడు ఎవరూ నేర్పకుండానే, ఏడుస్తూ ఏడుస్తూ, స్వామి అదే ప్రశ్న అడుగుతున్నాడు. భయపడకండి అని రాసిన పిల్లవాడు భయపడ్డాడు. బండివాడి మాట నమ్మినవాడు, రాళ్లు నాణేలవుతాయని నమ్మినవాడు, తన ప్రాణస్నేహితుడి మాటను నమ్మలేకపోతున్నాడు. నమ్మాలని ఎంతగానో ఉంది, అందుకే రుజువు కావాలి.

మణి ఏమంటాడు? అది... అది... ఏదైతేనేం, ఇచ్చేశాను అంటాడు.

ఇక మణి సంగతి చూడండి. చివరి బెంచీ మణి, బలం తప్ప వేరే భాష తెలియని మణి. కోపం వస్తే ముఖం మీదే ఉంటుంది, సంతోషం వస్తే ముఖం మీదే ఉంటుంది. అతని జీవితంలో ఇంతవరకు మాయతో పని పడలేదు. ఈ ఉదయం పడింది. స్వామిని ఓదార్చడానికి ఒక అబద్ధం కావాలి. ఆ అబద్ధం అతనికి చేతకాదు, తడబడ్డాడు. అయినా వదిలిపెట్టలేదు. ప్రేమ కోసం మాయ నేర్చుకున్నాడు. అంటే ఆ ప్లాట్‌ఫారం మీద ఒకరు కాదు, ఇద్దరు పిల్లలు మారిపోయారు. ఒకడు అబద్ధం చెప్పడం వల్ల, ఇంకొకడు దాన్ని పట్టుకోవడం వల్ల. ఇద్దరిలో ఎవరిదీ తప్పు కాదు.

స్వామి తలెత్తి మణి ముఖంలోకి చూస్తాడు, వేళాకోళమా నిజమా తెలుసుకుందామని. ఎన్నడూ లేనిది, మణి ముఖం ఈసారి అంతుపట్టదు. నవల అక్కడ ఆగిపోతుంది. నారాయణ్ ఒక్క వాక్యం కూడా ఎక్కువ రాయలేదు. స్వామి ఇంటికి ఎలా వెళ్లాడో లేదు, ఉత్తరం వచ్చిందో లేదో లేదు. ఈ రాతప్రతి ప్రచురణకర్తల దగ్గరనుంచి తిరిగి తిరిగి వస్తుంటే విసిగిపోయి, ఇంగ్లండులో ఉన్న మిత్రుడు పూర్ణకు, దీనికి ఒక రాయి కట్టి థేమ్స్ నదిలో ముంచెయ్యి అని రాశారట నారాయణ్. పూర్ణ ముంచలేదు, ఇంగ్లీషు నవలాకారుడు గ్రాహమ్ గ్రీన్‌కు చూపించాడు. ముంచేస్తే ఈ ముఖం మనకు దొరికేది కాదని తలచుకుంటే నాకు ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

ఒక్క అనుభవం చెప్పి ముగిస్తాను. టైమెంతైంది? అయిదు నిమిషాలు ఇవ్వండి.

ఈ నవల చివరి అధ్యాయాన్ని నేను మా బడిలో వేర్వేరు తరగతుల పిల్లలకు చదివి వినిపించేవాణ్ణి. చదివాక ఒకే ప్రశ్న అడిగేవాణ్ణి. రాజం ఉత్తరం రాశాడా, లేదా? ఆరో తరగతిలో అడిగితే గది మొత్తం చేతులు లేచేవి. రాశాడు సార్! ఎలా తెలుసు? మణి చెప్పాడు కదా సార్! పదో తరగతిలో అడిగితే ఒక్క చెయ్యి కూడా లేచేది కాదు. ఎందుకు అడుగుతున్నారు సార్ అన్నట్టు చూసేవారు. ఎనిమిదో తరగతిలో మాత్రం ఏ సంవత్సరమూ తేలేది కాదు. సగం లేచిన చెయ్యి పక్కవాళ్లను చూసి దిగిపోయేది. దిగిన చెయ్యి మళ్లీ లేచేది. నేను అన్ని తరగతులకూ పాఠం చెప్పాను గానీ, ఆ ఎనిమిదో తరగతి చేతుల కోసం ఏడాదంతా ఎదురుచూసేవాణ్ణి.

ఒక సంవత్సరం ఎనిమిదో తరగతిలో ఒక అబ్బాయి లేచి, మణి అబద్ధాలకోరు సార్, చిరునామా చెప్పలేకపోయాడు అన్నాడు. కిటికీ పక్కన కూర్చున్న అమ్మాయి ఒప్పుకోలేదు. ‘మణి రోజూ స్వామి ఇంటికి వెళ్తాడు కదా సార్. ఇల్లు తెలుసు. చిరునామాతో ఏం పని?’ అంది. నేను ఈ నవలను అన్నేళ్లుగా చదువుతున్నాను, నాకు తట్టలేదు. నిజమే కదా? మీ చిన్ననాటి స్నేహితుల్లో ఎవరి ఇంటి నంబరైనా మీకు ఎప్పుడైనా తెలుసా? వేపచెట్టు పక్క ఇల్లు, ఆకుపచ్చ గేటు ఇల్లు, అంతే.

సరేనమ్మా, మరి రాజం ఉత్తరం రాశాడా అని అడిగాను. ఆ అమ్మాయి చాలాసేపు ఆలోచించింది. ‘రాజం రాయకపోతే మణి రాస్తాడు సార్, రాజం పేరుతో’ అంది. ఆ అబ్బాయి వెంటనే లేచాడు. మణి చేతిరాత స్వామికి తెలియదా? చూడగానే గుర్తుపట్టడా?

‘గుర్తుపడతాడు సార్’ అంది ఆ అమ్మాయి. ‘కానీ చెప్పడు.’

అంతలో గంట కొట్టారు. నమస్కారం.